వెతుకుతున్నది పనా, హోదానా?

మంగళవారం పూట, పండగా లేదు పబ్బమూ లేదు, నా తమ్ముడు రాము హైదరాబాదు నుంచి వచ్చి తెనాలిలో దిగాడు. భుజాన చిన్న బ్యాగు. "సెలవు పెట్టావా రా?" అంటే "ఊఁ" అన్నాడు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాక, "ఉద్యోగం పోయిందక్కా. నాలుగు నెలలైంది" అన్నాడు.

ఆ నాలుగు నెలలూ ప్రతి ఆదివారం వాడితో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. ఆఫీసు ఎలా ఉందంటే బాగానే ఉందనేవాడు. ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ తెలియదట. పొద్దున్నే తయారై, లాప్‌టాప్ తగిలించుకుని, వాచ్‌మన్ చూస్తుండగా కారు తీసి, ఎక్కడో ఒక హోటల్లో కూర్చుని, చీకటి పడ్డాక ఇంటికి చేరేవాడట. వాడికి 52 ఏళ్లు. సాఫ్ట్‌వేర్‌లో 26 ఏళ్ల సర్వీసు, అందులో చివరి పదిహేడేళ్లు ఒకే కంపెనీ. కూతురు ఇంజనీరింగ్ మూడో ఏడు. నిజాంపేట ఫ్లాటుకి ఇంకా తొమ్మిదేళ్ల వాయిదాలున్నాయి.

మా ఆయన బీఎస్ఎన్ఎల్‌లో సబ్ డివిజనల్ ఇంజనీరుగా చేసి, 2020 జనవరి 31న వీఆరెస్ మీద బయటికి వచ్చిన మనిషి. ఆ ఒక్కరోజే దేశమంతటా 78 వేల మందికి పైగా అలా వచ్చేశారు. తమ్ముడు వచ్చిన మంగళవారం సాయంత్రం డాబా మీద ఇద్దరూ మొదలుపెట్టిన మాట రాత్రి పదకొండు దాకా సాగింది. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే, ఇద్దరి మీదా నాకు కోపం వచ్చింది. గుర్తున్నంత మేరకు వాళ్ల మాటలు రాస్తున్నాను.

రాము: నన్ను తీసేశారు అని చెప్పడానికి కూడా కాగితం లేదు బావగారూ. మీటింగు అని పిలిచారు. నలభై నిమిషాలు. హెచ్చార్ అమ్మాయి రెండు దారులు చెప్పింది. నా అంతట నేనే రాజీనామా రాస్తే మూడు నెలల జీతం, రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియన్స్ లెటరు. రాయకపోతే టర్మినేషన్. ఆ మాట ఫైల్లో పడితే రేపు ఇంకో కంపెనీవాళ్లు వెరిఫికేషన్ చేసినప్పుడు బయటికొస్తుంది. రాసిచ్చేశాను. రికార్డు ప్రకారం నన్నెవరూ పొమ్మనలేదు.

బావ: రాసివ్వకుండా ఉండాల్సింది. లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్లాల్సింది.

రాము: వెళ్తే మొదటి ప్రశ్న, నువ్వు వర్క్‌మన్‌వా అని. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కోడ్‌లోనూ మేనేజరు పని చేసేవాడు కార్మికుడు కాదు. కార్మికుడికైతే నోటీసు ఉంది, సర్వీసులో ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఉంది, చివర చేరినవాణ్ణి ముందు తీయాలన్న నియమం ఉంది, మళ్లీ మనుషుల్ని తీసుకునేటప్పుడు తీసేసినవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలని ఉంది. నాకు 2013లో ప్రమోషన్ ఇచ్చినప్పుడు మీరందరూ స్వీట్లు పంచారు. ఆ రోజే నేను ఆ గొడుగు కింది నుంచి బయటికి వచ్చానని నాకెవరూ చెప్పలేదు.

మా ఆయన దీనికి జవాబు చెప్పలేకపోయాడు. సర్వీసంతా యూనియన్ మధ్య గడిపిన మనిషికి, ఒక్కడే గదిలో కూర్చుని సంతకం పెట్టడం ఎలా ఉంటుందో తెలియదు.

రాము: నేను 2004 నుంచి 2006 దాకా అమెరికాలో, షార్లెట్‌లో, ఒక బ్యాంకు ప్రాజెక్టులో ఉన్నాను. అక్కడ మా పక్క టీములో కొందరిని తీసేశారు. నలభై దాటినవాళ్లకు వయసు కారణంగా అన్యాయం జరక్కూడదని వాళ్లకు 1967 నుంచీ చట్టముంది. ఒక గుంపును తీసేస్తూ హక్కులు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టమంటే, నలభై దాటినవాళ్లకు ఆలోచించుకోవడానికి 45 రోజులివ్వాలి. సంతకం పెట్టాక కూడా వెనక్కి తీసుకోవడానికి ఏడు రోజులు. నాకిచ్చింది నలభై నిమిషాలు.

బావ: సరే, అది అయిపోయింది. ఈ నాలుగు నెలల్లో ఏం చేశావు?

రాము: అప్లికేషన్లు పెట్టాను. లెక్క చెప్పను, సిగ్గుగా ఉంది. ఉద్యోగాల సైట్లలో వాళ్లు ముందే అనుభవం గడిలో 8 నుంచి 14 ఏళ్లు అని పెట్టుకుంటారు. 26 ఏళ్లవాడు ఆ జాబితాలోకే రాడు. నన్ను చూసి వద్దన్నవాళ్లు నలుగురైదుగురే, చూడనివాళ్లే అందరూ. అందుకని రెజ్యూమే నుంచి ఎంసీఏ పాసైన 1998ని తీసేశాను. మొదటి పదకొండేళ్లూ కొట్టేశాను. జుట్టుకు రంగేసుకున్నాను.

బావ: అప్పుడు?

రాము: అప్పుడు పిలిచారు. వీడియోలో నన్ను చూశాక ముప్పయ్యేళ్ల కుర్రాడు చాలా మర్యాదగా, మీ స్థాయికి మా దగ్గర పని సరిపోదేమో సార్ అన్నాడు.

బావ: తప్పు అక్కడే చేశావు రామూ. నీ దగ్గరున్న సరుకే ఆ పదకొండేళ్లు. దాన్ని దాచిపెట్టి ఖాళీ సంచీ తీసుకుని సంతకు వెళ్లావు. ఇంతకీ నువ్వు అడుగుతున్న ఉద్యోగమేమిటి?

రాము: డెలివరీ మేనేజరు.

బావ: అంటే పొద్దున్న వెళ్లి ఏం చేస్తావు?

రాము: నూట ఇరవై మందికి పని పంచడం. ప్రాజెక్టు లేకుండా బెంచి మీద ఎవరున్నారో చూడటం. క్లయింటుతో కాల్స్, ఎస్కలేషన్లు. మార్జిన్ తగ్గితే ఎందుకు తగ్గిందో పైవాళ్లకు చెప్పడం.

బావ: మీ కంపెనీ ఆ మెట్టునే తీసేసింది. నువ్వు ఊరంతా తిరిగి ఆ మెట్టునే వెతుకుతున్నావు. మిగతా మేడల్లోనూ అదే మెట్టు ఊడదీస్తున్నారని నీకు తెలియదా?

రాము: ఎందుకు తెలియదు? 2025 జూలైలో టీసీఎస్ అంతటిది తన మనుషుల్లో రెండు శాతాన్ని, అంటే 12 వేలకు పైగా మందిని తగ్గిస్తానని, వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయివాళ్లేనని బాహాటంగా చెప్పింది. మా కంపెనీ వేరు, చిన్నది. అయినా ఆ గాలే ఇక్కడా వీచింది. కానీ నేను వేరే మెట్టు ఎందుకు దిగాలి? ఆంధ్రలో ప్రభుత్వోద్యోగికి 2022 నుంచి 62 ఏళ్ల దాకా పని ఉంది. తెలంగాణలో 2021లో 61 చేశారు. అదే రోడ్డు మీద, అదే ట్రాఫిక్‌లో పోయే నేను 52కే ముసలివాణ్ణి ఎలా అయ్యాను?

బావ: అది న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి జవాబు వచ్చేదాకా నీ వాయిదా ఆగదుగా. మా నాన్న సంగతి నీకు చెప్పానా?

నాకు తెలిసిన కథే, కానీ ఆయన చెప్పే తీరు నాకెప్పుడూ పూర్తిగా నచ్చదు. ముందు ఆయన చెప్పినట్టే రాస్తాను.

బావ: తాలూకా ఆఫీసులో హెడ్ గుమస్తా. 1983 జనవరిలో రామారావుగారి ప్రభుత్వం వచ్చింది. ఫిబ్రవరిలో రిటైరయ్యే వయసు 58 నుంచి 55కి దించారు. చదువుకున్న కుర్రాళ్లకు ఉద్యోగాలు రావాలన్నారు. ఫిబ్రవరి 28 సాయంత్రానికి 55 నిండినవాళ్లంతా ఒక్కసారే ఇంటికి. ప్రభుత్వంలోనే 18 వేల పైచిలుకు మంది. నేనప్పుడు డిగ్రీ ఆఖరి ఏడు. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు కాలేదు. నెలన్నర నాన్న పది గంటలకల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని లైబ్రరీకి వెళ్లి కూర్చునేవాడు. ఉగాది వెళ్లాక ఒకరోజు రైస్‌మిల్లు యజమాని దగ్గరికి తనే వెళ్లి, చిట్టా ఆవర్జా రాస్తానన్నాడు. అంతకుముందు నాన్న కుర్చీ ముందు నిలబడి పని చేయించుకున్నవాడే ఆ యజమాని. జీతం పాతదాంట్లో నాలుగో వంతు. మూడు నెలల్లో ఆ మిల్లులో లెవీ లెక్కలన్నీ నాన్న చేతికొచ్చాయి. రెవెన్యూ కాగితం ఎలా నడుస్తుందో తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఊళ్లో ఇంకో రెండు మిల్లులవాళ్లు కబురు పెట్టారు. కుర్చీ పోయింది, చేతిలో పని పోలేదు. నేను చెప్పేది అదే.

రాము: తరువాతది చెప్పరేం బావగారూ? 1984 ఆగస్టులో మళ్లీ 58 చేశారు. అప్పటికే ఇంటికి పంపినవాళ్లకు ఇది వర్తించదన్నారు. వాళ్లు కోర్టుకెక్కారు. వయసు దించడం చెల్లుతుందనే సుప్రీంకోర్టు 1985 జనవరిలో అంది. కానీ మళ్లీ పెంచినప్పుడు, మధ్యలో పోయినవాళ్లను వదిలెయ్యడం చెల్లదని అదే ఏడాది ఇంకో తీర్పు ఇచ్చింది. 58 నిండనివాళ్లను తిరిగి తీసుకోమంది. మీ నాన్నగారు తన కుర్చీలో మళ్లీ కూర్చున్నది చిట్టా రాసినందుకు కాదు. వేలమందికి ఒకే రోజు ఒకే అన్యాయం జరిగింది కాబట్టి, అది కాగితం మీద కనబడింది కాబట్టి. నాది ఎక్కడ కనబడుతుంది? నేను రాజీనామా చేశాను!

ఇక్కడ నేను తమ్ముడి పక్షం. నేను కోడలిగా వచ్చింది 1987లో. మామయ్యగారు అంతకు ముందు ఏడే రెండోసారి రిటైరయ్యారు. మిల్లు గురించి ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆ తీర్పు వచ్చిన రోజు మాత్రం ఎవరు సైకిలు మీద వచ్చి చెప్పారో, అప్పుడు తానేం తింటున్నారో కూడా చెప్పేవారు. మిల్లు అన్నం పెట్టింది, నిజమే. అయినా ఆయన మనసులో గాయం మానింది తిరిగి పిలిచినప్పుడే. నెలన్నర లైబ్రరీలో కూర్చున్న ఆయనకూ, నాలుగు నెలలు హోటల్లో కూర్చున్న నా తమ్ముడికీ తేడా నాకేమీ కనబడలేదు. ఇద్దరూ ఏ తప్పూ చేయకుండా తప్పు చేసినవాళ్లలా దాక్కున్నారు. ఆ మాటే అన్నాను. ఇద్దరూ కాసేపు ఊరుకున్నారు.

రాము: ఇంకో మాట. మీరు వీఆరెస్ తీసుకున్నప్పుడు చేసిన సర్వీసుకి ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిన సర్వీసుకి ఏడాదికి 25 రోజుల జీతం లెక్కకట్టి ఇచ్చారు. పెన్షన్ వస్తోంది. మెడికల్ కార్డుంది. ఆ తరువాతే మీరు ఫైబర్ కాంట్రాక్టరు దగ్గర తక్కువ జీతానికి సూపర్‌వైజరుగా చేరారు. కింద వల ఉన్నవాడు దూకడం వేరు. నాకు పీఎఫ్ పెన్షన్ 58 నిండాక వస్తుంది. ఎంత లాగినా నెలకు ఐదు వేలు దాటదు. ఇప్పుడే కావాలంటే, ముందుగా తీసుకునే ప్రతి ఏడాదికీ నాలుగు శాతం కోత.

బావ: (కాసేపాగి) ఒప్పుకుంటున్నాను. పెన్షన్ లేకపోతే నేనూ అంత ధైర్యంగా వెళ్లేవాణ్ణి కాదు. కానీ అక్కడికెళ్లాక చూసింది చెప్తాను, విను. ఫైబర్ తెగితే కుర్రాళ్లు ఓటీడీఆర్ అనే మెషిన్ పెట్టి చూస్తారు. అది 1,840 మీటర్ల దగ్గర కట్ అని చూపిస్తుంది. మెషిన్ అబద్ధం చెప్పదు. కుర్రాళ్లు బండి మీటరు చూసుకుంటూ 1,840 మీటర్లు పోయి రోడ్డు తవ్వుతారు. అక్కడ ఏమీ ఉండదు. ఎందుకంటే మెషిన్ కొలిచింది కేబుల్ పొడవు, రోడ్డు పొడవు కాదు. ప్రతి చాంబర్లోనూ రేపటి అవసరానికని పది, పదిహేను మీటర్లు చుట్ట చుట్టి వదులుతాం. ఆ చుట్టలన్నీ తీసేస్తే తెగిన చోటు ఎంతో ఇవతలే ఉంటుంది. ఏ చాంబర్లో ఎంత చుట్ట ఉందో వేసినవాడికే తెలుసు. నన్ను ఆ కాంట్రాక్టరు ఉంచుకున్నది సూపర్‌వైజరని కాదు. నేను చెప్పిన చోట తవ్వితే కేబుల్ దొరుకుతుందని.

రాము: నా దగ్గర అలాంటిదేముంది? పన్నెండేళ్లుగా నేను కోడ్ ముట్టుకోలేదు.

బావ: ముట్టుకున్న రోజుల్లో ఏం చేశావు?

ఇక్కడి నుంచి వాడి గొంతు మారింది. 1999లో వాడు అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి, రెండు వేల సంవత్సరం తేదీల గండం కోసం మనుషుల్ని తీసుకుంటున్న రోజుల్లో ఉద్యోగంలో చేరాడు. కోబాల్, జేసీఎల్, డీబీటూ అని ఆ రోజుల్లో ఇంటికొస్తే అవే మాటలు. షార్లెట్ బ్యాంకులో నెలాఖరు రాత్రి లెక్కలు నడిచే బ్యాచ్ అర్ధరాత్రి ఆగిపోతే తెల్లారేలోగా లేపాలి, లేకపోతే బ్యాంకు తలుపులు తెరిచినా ఖాతాలు తెరుచుకోవు. ఎస్ జీరో సీ సెవెన్ అని ఒక తప్పు వచ్చేదట, అంకెలుండాల్సిన చోట అంకె కానిదేదో వచ్చి పడితే. అందరూ ప్రోగ్రాములో వెతుకుతుంటే వాడు నేరుగా ఇంకో ఊరి శాఖ నుంచి వచ్చే ఫైలు తెరిచి, మొత్తం ఉండాల్సిన చోట ఖాళీలున్నాయని చూపించేవాడట. ప్రతి మార్చి చివరా అదే ఫైలు అదే పని చేసేది. పది నిమిషాలు ఆపకుండా చెప్పాడు. నాలుగు నెలల్లో వాడు సంతోషంగా మాట్లాడింది అదే మొదటిసారి అయి ఉంటుంది.

బావ: ఇప్పుడు ఆ బ్యాంకులన్నీ ఏం చేస్తున్నాయి?

రాము: కొన్ని ఇంకా దాని మీదే నడుస్తున్నాయి. కొన్ని కొత్తవాటికి మారుస్తున్నాయి. పాత కోడ్ చదివి కొత్తది రాసిపెట్టడానికి ఇప్పుడు ఏఐ టూల్స్ వచ్చాయి. రాసింది పాతదానిలాగే లెక్కకడుతోందా లేదా అన్నది మాత్రం ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. (ఆగి) అక్కా, నీకు చెప్పలేదు. మొన్న గురువారం అలాంటిదే ఒకటి వచ్చింది. వేరే కన్సల్టెన్సీ పేరోల్ మీద, ఆరు నెలల కాంట్రాక్టు. పాత జీతంలో నలభై శాతం. ముప్పై మూడేళ్ల లీడ్ కింద. వద్దన్నాను.

బావ: వద్దన్నావా!

రాము: మీరు అరవకండి. సాఫ్ట్‌వేర్‌లో కొత్త జీతం పాత జీతం మీద కడతారు. ఒకసారి నలభైకి ఒప్పుకుంటే ఇక నా విలువ అదే. పదిహేడేళ్ల పర్మనెంటు తరువాత ఆరు నెలల కాంట్రాక్టు కనబడితే, ఏదో అయిందని అందరికీ అర్థమవుతుంది.

బావ: ఏదో అయింది కదా మరి! అయిందని చెప్పడానికేం? దొంగతనం చేశావా? నీతో పనిచేసినవాళ్లకు ఎంతమందికి చెప్పావు ఉద్యోగం పోయిందని?

రాము: ఎవరికీ చెప్పలేదు.

బావ: షార్లెట్లో ఆ ఫైలు సంగతి చూసినవాళ్లకు?

రాము: చెప్పలేదు.

బావ: నిన్నెరుగని వెయ్యి మందికి అప్లికేషన్ పెట్టావు. నీ పని కళ్లారా చూసిన పదిమందికి ఒక్క ఫోను చెయ్యలేదు.

ఇందులో మాత్రం నేను మా ఆయన పక్షం. వాడు చెప్పిన ఆ గడుల్లో ఏళ్లు పడతాయి గానీ, ఒక రాత్రి రెండింటికి ఎవరు నిలబడ్డారో పట్టదు. అది చూసినవాళ్లకే తెలుసు. అలా అని వచ్చిందల్లా తల వంచి తీసుకోమనే మాట నాకు మింగుడుపడలేదు. వాడు జీతం గురించి చెప్పింది పొగరు కాదు, ఆ బజారు నడిచే తీరే అది. ఇద్దరూ ఒకే విషయం మీద వాదించుకుంటున్నామని అనుకున్నారు. ఒకరు పని గురించి, ఒకరు వెల గురించి మాట్లాడుతున్నారు.

నేను అడిగింది వేరే. "ఆస్పత్రి ఖర్చులకు ఇన్సూరెన్సు ఉందా?" కంపెనీదే ఉండేదట, అమ్మ కూడా అందులోనే. ఆఖరి రోజుతో అదీ పోయింది. వాడికి షుగరుంది. అమ్మకు 81. కంపెనీ పాలసీలో ఉండగానే అదే ఇన్సూరెన్సు సంస్థలో సొంత పాలసీకి మారతానని అడగొచ్చు. ఆ సంగతి వెళ్లేరోజు వాడికి ఎవరూ చెప్పలేదు, వాడూ అడగలేదు. ఇప్పుడు కొత్తగా తీసుకుంటే, ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఏమీ ఇవ్వమనే షరతు పెట్టొచ్చు. రెజ్యూమే ఎన్నిసార్లు దిద్దాడో గానీ, ఈ కాగితం ఒక్కసారీ తీసి చూడలేదు. వాడిలా ఇంటికి పంపబడినవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్లు ఏ సంతకం పెట్టేముందైనా ఈ ఒక్కటీ అడిగి తెలుసుకోమని చెప్పడానికే నేను ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

రాత్రి పదకొండింటికి ఎవరూ గెలవకుండానే కిందికి దిగాం.

పొద్దున్న తొమ్మిదిన్నరకు వరండాలో వాడి గొంతు వినబడింది. షార్లెట్‌లో వాడితో కలిసి పనిచేసిన ఒకాయన ఇప్పుడు హైదరాబాదులోనే, ఒక విదేశీ బ్యాంకు సొంత ఆఫీసులో ఉన్నాడట. "నాకు ఉద్యోగం పోయింది, నాలుగు నెలలైంది" అన్నాడు వాడు. ఆ మాట బయటివాళ్లతో అనడం అదే మొదలు. ఆ తరువాత చాలాసేపు విన్నాడు. మధ్యలో నవ్వాడు కూడా, ఆ మార్చి ఫైలు ఇంకా అలాగే వస్తోందట. సోమవారం వచ్చి టీమును కలవమన్నాడు. ఉద్యోగమో, కాంట్రాక్టో, ఎంతో, అవేమీ ఇంకా చెప్పలేదు. వాడు మధ్యాహ్నం రెజ్యూమే తెరిచి కొట్టేసిన పదకొండేళ్లూ మళ్లీ రాశాడు. 1998 మాత్రం ఇంకా రాయలేదు. నేను చూశాను, అడగలేదు.

సాయంత్రం స్టేషన్లో రైలు కదలబోతుండగా మా ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, "ఒరే, పాత జీతమెంతో వాళ్లు అడిగేదాకా చెప్పకు" అన్నాడు.

"మొదటి ప్రశ్నే అది బావగారూ."

"అయితే నీకెంత కావాలో చెప్పు. నలభైకి మాత్రం ఒప్పుకోకు."

"నిన్న రాత్రి మీరే కదా..."

రైలు కదిలింది. ఆయన ప్లాట్‌ఫారం చివరిదాకా దాని పక్కనే నడుస్తూ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు.